ఐదు బొంతలు, ఒకటే మిషను: మీ కుట్టు ప్రశ్నలు, నా జవాబులు

పోయినసారి ఏదో మాటల్లో నా అల్మారాలో నాలుగు బొంతలు సగంలో ఉన్నాయని నోరు జారా, ఇంక చూడండి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొందరు "హమ్మయ్య, మేమొక్కళ్ళమే కాదన్నమాట" అని ఊపిరి పీల్చుకున్నారు, కొందరు గట్టిగానే చివాట్లు పెట్టారు. సరే, దాంతోనే మొదలెడదాం.

ప్రశ్న: అక్కా, ఆ నాలుగూ ఎంతవరకు వచ్చాయి? నిజం చెప్పాలి. నా దగ్గర మూడున్నాయి, ఒక్కటీ కదలట్లేదు. మిషన్ ముందు కూచుంటే ఏది తియ్యాలో తోచక, మూడింటినీ చూసి మళ్ళీ సర్దేసి లేచి వెళ్ళిపోతున్నా.
— రెండేళ్ళుగా కుడుతున్న ఒక చెల్లెలు

జవాబు: నిజమే చెప్తా గానీ నవ్వకూడదు. నాలుగు కాదు చెల్లీ, ఇప్పుడు ఐదు.

మొదటిది నైన్ ప్యాచ్. తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, వరసకి మూడు చదరాల చొప్పున మూడు వరసలు, తొమ్మిది ముక్కలు కలిస్తే ఒక బ్లాకు. రెండున్నర అంగుళాల చదరాలు కత్తిరించి పావంగుళం కుట్టుతో కలిపితే బ్లాకు ఆరున్నర రావాలి, బొంతలో అతికాక ఆరు కనపడుతుంది. నాకు అడ్డంగా 10, నిలువుగా 12, మొత్తం 120 కావాలి. 82 అయ్యాక విసుగొచ్చి పక్కన పడేసి, నాలుగు నెలల తర్వాత మళ్ళీ తీసి రెండ్రోజుల్లో 30 కుట్టేసి, నా అంతటిది లేదనుకుని పాత వాటి పక్కన పెట్టి చూస్తే కొత్తవన్నీ పొట్టిగా ఉన్నాయి! టేపు పెట్టా, ఆరుంపావు. ఇంకోటి తీశా, అదీ ఆరుంపావు. ఏమయిందంటే మధ్యలో వేరే పని కోసం మిషన్‌కి ఫుట్ (సూది కింద గుడ్డని నొక్కి పట్టే పాదం) మార్చా, సూది ఒక గీత పక్కకి జరిపా, మళ్ళీ యథాస్థానంలో పెట్టడం మర్చిపోయా. కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పడుతోంది, అంతే. కానీ కుట్టుకి రెండు పక్కలా గుడ్డ ఉంటుంది కదా, అంటే కుట్టుకి అరపావు అంగుళం పోయినట్టు, బ్లాకుకి అడ్డంగా రెండు కుట్లు, పావంగుళం హాంఫట్.

30 బ్లాకులు విప్పాలా? బ్లాకుకి పెద్ద కుట్లు రెండు, చిన్నవి ఆరు, విప్పడం మొదలెడితే నాకు కుట్టు మీదే విరక్తి పుట్టేది. విప్పలా. ఆ 30ని విడిగా తీసి, అడ్డంగా 5 నిలువుగా 6 పేర్చి కలిపేశా, దాదాపు 29 అంగుళాల వెడల్పు, 34న్నర పొడవు వచ్చింది, చంటిపిల్లల్ని నేల మీద ఆడించడానికి పరుచుకునే సైజు. అలా పుట్టిందే ఐదో బొంత. విచిత్రం ఏంటంటే అన్నిటికంటే ఆఖర్న పుట్టిన ఇదే అన్నిటికంటే ముందు పూర్తయ్యేట్టుంది, ఇప్పుడు అంచు పట్టీ (బొంత అంచుల్ని మూసే గుడ్డ పట్టీ) దగ్గరుంది. నైన్ ప్యాచ్ మాత్రం మళ్ళీ 82 దగ్గరికే వచ్చింది, ఇంకా 38 కుట్టాలి.

రెండోది ఆరు మూలల ముక్కల పువ్వులు, చేత్తో కుట్టేది. కాగితం ముక్క మీద గుడ్డ మడిచి, టాకాలేసి, అంచుకి అంచు చేర్చి సన్నగా కలపడం. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, దాని చుట్టూ పన్నెండు, పువ్వుకి 19 ముక్కలు. 22 పువ్వులయ్యాయి. ఎన్ని కావాలి అని అడక్కండి, లెక్క పెట్టుకోలేదు, పెట్టుకోను కూడా. ఒక చిన్న డబ్బాలో సూది, దారం, కత్తెర, ఓ పాతిక ముక్కలు పెట్టుకుని ఎక్కడికెళ్ళినా తీసుకెళ్తా, ఎవరి కోసమైనా ఎదురుచూడాల్సొస్తే రెండు ముక్కలు అతుకుతా. ఒక్క విషయం, ముక్కకి చుట్టూ ఉన్న పక్క ముక్కలన్నీ అతికేదాకా కాగితం తియ్యకూడదు, తొందరపడి తీస్తే మూలలు సాగిపోతాయి.

మూడోది పై గుడ్డ కుట్టడం పూర్తయి, అడుగు గుడ్డ, మధ్యలో బాటింగ్ (దూది పొర) పెట్టి, పిన్నీసులు గుచ్చి, మడతపెట్టి అల్మారాలో ఏడు నెలలు పడుకుని ఈమధ్యే లేచింది. దాని సంగతి కింద ఇంకో ప్రశ్నలో చెప్తా, అదో ఏడుపు. నాలుగోది పాత కాటన్ చొక్కాల బొంత, ఇంకా కత్తిరింపుల్లోనే ఉంది. చొక్కాలో పనికొచ్చే పెద్ద ముక్క వీపు భాగం, ఆ తర్వాత చేతులు, ముందు భాగంలో బొత్తాల పట్టీ, జేబు తీసేస్తే మిగిలేది తక్కువే. ఇప్పటికి పదకొండు చొక్కాలు విప్పా.

ఇప్పుడు నీ మూడింటి సంగతి. అవి కదలకపోవడానికి కారణం మూడుండటం కాదు, నా అనుమానం ఆ మూడూ ఒకే మెట్టు మీద ఆగి ఉంటాయి. సరిగ్గా చూసుకో. చాలామందికి పై గుడ్డలు చకచకా అయిపోతాయి, తర్వాత నేల మీద పరిచి మూడు పొరలూ కలిపి పిన్నులు గుచ్చే పని అంటే మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చి దాన్ని పక్కన పెట్టి కొత్త పై గుడ్డ మొదలెడతారు, అదీ అక్కడికే వచ్చి ఆగుతుంది, దాని వెనక ఇంకోటి. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఎన్ని బొంతలున్నా సరే, రెండు బొంతలు ఒకే మెట్టు మీద ఉండకూడదు. ఒకటి కత్తిరింపులో, ఒకటి బ్లాకుల్లో, ఒకటి మూడు పొరల దగ్గర, ఒకటి అంచు దగ్గర, ఒకటి చేతి పనిగా ఉంటే ఏ పూట ఏది తియ్యాలో మన ఒళ్ళే చెప్తుంది. బుర్ర చురుగ్గా ఉన్న పొద్దున్న పూట కత్తిరింపు, ఎందుకంటే తప్పు కత్తిరిస్తే అతికేది లేదు. బుర్ర పనిచెయ్యని సాయంత్రం బ్లాకులు. భుజాల్లో సత్తువ ఉండి బల్ల ఖాళీగా ఉన్న సెలవు రోజు పెద్ద బొంతని మిషన్ కింద తోయడం. రాత్రి కూచుని అంచు. రెండోది వచ్చి మొదటిదాని మెట్టు మీద నిలబడితే, మొదటిదాన్ని ఒక్క మెట్టు ముందుకి తోసేదాకా రెండోదాన్ని ముట్టుకోను.

ఇంకోటి, ఆపేటప్పుడు చీటీ రాసి ఆ బొంతకే గుచ్చు. ఎంతయిందో కాదు, తర్వాత చెయ్యాల్సింది ఏంటో రాయాలి. నా చొక్కాల సంచిలో ఇప్పుడున్న చీటీ ఇది: "50 నంబర్ బూడిద రంగు దారం. కుట్టు పొడవు 2. సూది నడిమిన, పావంగుళం ఫుట్. ఇస్త్రీ ముదురు రంగు వైపుకి. తర్వాత: చారల చొక్కా వీపులోంచి రెండున్నర అంగుళాల పట్టీలు 6." ఇంతే. నైన్ ప్యాచ్‌కి ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే ఆ 30 బ్లాకులు పొట్టివయ్యేవి కాదు, రాయలేదు కాబట్టే ఈ చీటీల జ్ఞానం వచ్చింది.

ప్రశ్న: ఒకటి పూర్తి చెయ్యకుండా ఇంకోటి మొదలెట్టడం, పైగా అది గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చలేదమ్మా. మేం బొంత ఎత్తితే అది దులిపి పరిచేదాకా ఇంకో గుడ్డ ముట్టేవాళ్ళం కాదు.
— చాలా ఏళ్ళ కుట్టు అనుభవం ఉన్న ఒక పెద్దావిడ

జవాబు: నమస్కారమండీ. మీ మాట సగం ఒప్పుకుంటా. సగంలో ఆపిన బొంతకి నష్టం ఉంది, లేదని ఎలా అంటాను, మధ్యలో గుడ్డ అయిపోతే అదే రంగు మళ్ళీ దొరకదు, అదే డిజైన్ దొరికినా వేరే వాయి అద్దకంలో రంగు ఇసుమంత తేడా వస్తుంది, పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వెలుతురు పడేచోట మడిచి పెడితే మడత గీత వెంబడే రంగు వెలుస్తుంది. అందుకే నేను ఏది ఆపాలన్నా ముందు దానికి కావాల్సిన గుడ్డ మొత్తం, ఆఖరికి అంచు పట్టీలతో సహా, కత్తిరించి ఒకే సంచిలో వేసేస్తా. ముదురు గుడ్డ సంచి, ప్లాస్టిక్ కాదు, ప్లాస్టిక్‌లో చెమ్మ నిలుస్తుంది.

మిగతా సగం ఒప్పుకోలేనండీ. మనం ఇది ఇష్టంతో కుట్టుకునేవాళ్ళం, ఎవరికీ ఫలానా తారీకుకి ఇస్తామని మాటిచ్చింది కాదు. దాని మీద మనసు లేని రోజున బలవంతంగా కూచుని కుట్టిన వరసలు నావి ఎప్పుడూ వంకరే వచ్చాయి, మర్నాడు విప్పడమే. అయితే మాటిచ్చినది మాత్రం వేరు, అది ఒకటే బల్ల మీద ఉంటుంది, మిగతావి అల్మారాలోకి.

ప్రశ్న: పిన్నీసులు గుచ్చి మడిచిన బొంత ఎన్నాళ్ళు అలా ఉంచొచ్చు?

జవాబు: ఇదిగో వచ్చింది నా ఏడుపు. వారాలైతే ఫర్వాలేదు, నెలలు వద్దు. నాది ఏడు నెలల తర్వాత విప్పితే రెండు పిన్నీసుల చుట్టూ ఆవగింజంత తుప్పు మరక, అదీ లేత పసుపు గుడ్డ మీద, సరిగ్గా మధ్యలో. మిగతా పిన్నులన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆ రెండే పాత డబ్బాలోవి. మరక తీసే ప్రయోగాలు చేస్తే పసుపు రంగు కూడా పోతుందని భయపడి రెండు చిన్న ఆకులు కత్తిరించి దాని మీద అతికేశా, ఇప్పుడు చూసేవాళ్ళు కావాలని వేసిన డిజైన్ అనుకుంటారు. వెంటనే కుట్టే ఉద్దేశం లేకపోతే పిన్నులొద్దు, పెద్ద పెద్ద టాకాలెయ్యండి, దారంతో, నాలుగేసి అంగుళాల ఎడం. తెల్ల దారమే వాడండి, ముదురు దారం విప్పాక నూగు వదుల్తుంది. మడత పెట్టే బదులు చుట్టలా చుడితే బాటింగ్‌లో గీతలు పడవు.

అసలు ఆ బొంత ఇప్పుడు సంగతేంటంటే, మధ్యలోంచి మొదలెట్టి అటూ ఇటూ సూటి గీతలు కుడుతున్నా, సగం దాటింది.

ప్రశ్న: మేడమ్, పావంగుళం పావంగుళం అని అందరూ అంటారు, నా ఫుట్ మీద పావంగుళం గీత ఉంది, దాని వెంబడే కుడుతున్నా, అయినా బ్లాకు చిన్నదొస్తోంది. ఫుట్ తప్పా నేను తప్పా?

జవాబు: ఇద్దరూ కాదు, మడత. కుట్టాక గుడ్డని ఒక పక్కకి తిప్పి ఇస్త్రీ చేస్తాం కదా, ఆ మడతకి, దారం మందానికి ఒకటి రెండు నూలుపోగులంత గుడ్డ ఖర్చవుతుంది. కాబట్టి కుట్టు పావంగుళం కంటే ఒక వెంట్రుకవాసి తక్కువలో పడాలి. ఇది లెక్కలతో తేలదు, పరీక్ష చేసి చూసుకోవాలి. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు కత్తిరించి పక్కపక్కన కలిపి కుట్టి ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. కచ్చితంగా ఒక అంగుళం ఉండాలి. తక్కువుంటే కుట్టు లావుగా పడుతున్నట్టు, సూదిని ఒక గీత కుడివైపుకి జరిపి మళ్ళీ చూడండి. సరిపోయాక ఆ చోట మిషన్ మీద ఒక టేపు ముక్క అతికించేసి గుడ్డ అంచు దానికి ఆనించి పోనివ్వండి. మిషన్ సర్వీసు అయినా, ఫుట్ మార్చినా, సూది మార్చినా ఈ మూడు పట్టీల పరీక్ష మళ్ళీ చెయ్యండి, చెప్తున్నది ఎవరో గుర్తుందిగా, 30 బ్లాకులావిడ.

దారం కూడా చూసుకోండి. నంబర్ పెరిగే కొద్దీ దారం సన్నం, బ్లాకులు కలపడానికి 50 బాగుంటుంది, 40 దాని కంటే లావు. సూది బ్లాకులకి 80/12, మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు 90/14. సుమారు ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చెయ్యండి, విరిగేదాకా వాడే అలవాటు మనందరిదీ, మొద్దుబారిన సూది గుడ్డలోకి దిగేటప్పుడు టక్ టక్‌మని శబ్దం తేడాగా వస్తుంది, ఓసారి విన్నాక ఇంక మర్చిపోరు.

ప్రశ్న: రెండు ప్రాజెక్టులు ఒకేసారి మిషన్ మీదే నడపొచ్చని ఎక్కడో విన్నా, నిజమేనా ఆంటీ?

జవాబు: నిజమే తల్లీ, నాకు బాగా ఇష్టమైన కిటుకు కూడా. కుట్టు మొదలుపెట్టేటప్పుడు మిషన్ గుడ్డ కొసని కింద పళ్ళలోకి లాగి దారం ముద్ద చేస్తుంది కదా, అది రాకుండా చాలామంది ముందు ఒక పీలిక మీద నాలుగు కుట్లేసి, అక్కణ్ణించి అసలు ముక్క మీదకి వెళ్తారు. ఆ పీలిక బదులు ఇంకో బొంతకి కావాల్సిన రెండు చదరాలు పెట్టు. మిషన్ పక్కన గిన్నెలో రెండంగుళాల చదరాలు పెట్టుకుని, వరస మొదట్లో ఒక జత, వరస చివర ఒక జత కుట్టేస్తే, దారం తెంపే పని తగ్గుతుంది, పీలిక దండగ అవ్వదు, నెల తిరిగే సరికి ఏ శ్రమా పడకుండా ఓ గుట్ట జతలు పోగవుతాయి. నా గిన్నెలో ప్రస్తుతం ఎన్నున్నాయో లెక్క పెట్టలేదు గానీ గిన్నె మార్చాల్సొచ్చింది. అవును, అది ఆరో బొంత అవుతుంది, ఆ పెద్దావిడకి చెప్పకండి.

ప్రశ్న: నేను మగవాణ్ణి, ఇంట్లో మిషన్ ఖాళీగా ఉందని మొదలెట్టా. త్రికోణాలు అతికితే ఏటవాలు వైపు సాగిపోయి ఒక్క చదరమూ చదరంగా రావట్లేదు. మొదటి బొంతే త్రికోణాలతో పెట్టుకోవడం నా తప్పా?

జవాబు: తప్పేం లేదు బాబూ, కాస్త కష్టమైనది పెట్టుకున్నారు అంతే. నిలువు పోగు, అడ్డ పోగు పెద్దగా సాగవు, ఏటవాలుగా కత్తిరించిన అంచు సాగుతుంది, అదీ సంగతి. అందుకని త్రికోణాలు కత్తిరించి అతకొద్దు, అతికి కత్తిరించండి. లేత రంగు, ముదురు రంగు చదరాలు రెండు ముఖాముఖి పెట్టి, మూల నుంచి మూలకి పెన్సిలు గీత గీసి, ఆ గీతకి అటో పావంగుళం ఇటో పావంగుళం కుట్టి, గీత మీద కోస్తే రెండు బ్లాకులొస్తాయి. బొంతలో నాలుగంగుళాలు కనపడాలంటే లెక్క ప్రకారం చదరం నాలుగు మీద అంగుళంలో ఎనిమిది వంతులకి ఏడు వంతులు చేర్చి కత్తిరించాలి. నేను ఆ గోల పడను, ఏకంగా ఐదంగుళాలు కత్తిరిస్తా, కుట్టాక స్కేలు పెట్టి నాలుగున్నరకి చెక్కేస్తా. చెక్కేటప్పుడు స్కేలు మీద ఉండే ఏటవాలు గీతని కుట్టు మీద ఆనించండి, అప్పుడే మూలలు సరిగ్గా పడతాయి. ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద అటూ ఇటూ లాగకండి, పెట్టి నొక్కి ఎత్తండి. చొక్కా ఇస్త్రీ చేసినట్టు చేస్తే అప్పటిదాకా సాగనిది కూడా సాగుతుంది.

ప్రశ్న: ఉతికితే ఎరుపు దిగి తెల్ల చదరాలు గులాబీ రంగయ్యాయి. ఏడుపొస్తోంది.

జవాబు: ఏడవొద్దు, ముందు దాన్ని ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలొద్దు, వేడికి దిగిన రంగు అక్కడే పట్టేసుకుంటుంది. పెద్ద తొట్టెలో బోలెడన్ని వేడినీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి బొంత మొత్తం మునిగేట్టు గంటల తరబడి నాననివ్వండి, నీళ్ళు ఎర్రబడితే మార్చి మళ్ళీ. నీళ్ళు తక్కువైతే దిగిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. చాలావరకు వదుల్తుంది. ఈసారి కత్తిరించే ముందే ముదురు ఎరుపు, నీలం తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కి చూడండి, రంగు అంటితే అది ఇంకా ఉతకాలి, ఎంత ఉతికినా దిగుతూనే ఉంటే తెలుపు పక్కన పెట్టకండి.

ప్రశ్న: బ్లాకులన్నీ కలిపి చుట్టూ బోర్డర్ వేస్తే, పరిచినప్పుడు బోర్డర్ అలల్లా లేస్తోంది. మధ్య అంతా చక్కగా ఉంది. ఎందుకిలా?

జవాబు: మీరు పొడుగు పట్టీ తీసుకుని ఒక చివర నుంచి కుట్టుకుంటూ పోయి, అటు చివర మిగిలింది కత్తిరించి ఉంటారు. అవునా? నేనూ మొదటి రెండు బొంతలకి అలాగే చేశా. మిషన్ కింద పళ్ళు కింది గుడ్డని ముందుకి లాగుతాయి, పైది వెనకబడుతుంది, దాంతో పట్టీ కిందుంటే ఎక్కువ పట్టీ తింటుంది, పైగా బొంత అంచులు ఈపాటికి చేతుల్లో నలిగి కాస్త సాగి ఉంటాయి. కొలిచేటప్పుడు అంచు దగ్గర కొలవకండి, మధ్యలో ఒకసారి, అటూ ఇటూ కాస్త ఎడంగా రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. ఆ కొలతకే రెండు పక్కల పట్టీలూ కత్తిరించి, పట్టీ మధ్య బొంత మధ్యకి, చివర చివరకి పిన్ను చేసి, మిగతా గుడ్డని మధ్యలో సర్దుకుంటూ కుట్టండి. కొంచెం ఎక్కువైన వైపు కిందకి పెట్టి కుడితే పళ్ళే దాన్ని లాక్కుంటాయి. ఇప్పటికే కుట్టేసినదాన్ని మాత్రం విప్పక తప్పదు, మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు సర్దుకుంటుందిలే అని మీ ఫ్రెండు చెప్పారని రాశారు, సర్దుకోదు, మడతలు పడుతుంది.

ప్రశ్న: అడుగు గుడ్డ ఎంత పెద్దదుండాలి?

జవాబు: పై గుడ్డ కంటే నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ. నా నైన్ ప్యాచ్ పూర్తయితే 60 బై 72, కాబట్టి అడుగు 68 బై 80 కత్తిరించి పెట్టా. బాటింగ్ కూడా అంతే. బాటింగ్ కొనేటప్పుడు కవరు మీద ఎన్ని అంగుళాల ఎడంతో కుట్లు వెయ్యొచ్చో రాసుంటుంది, అది చదవండి, దాని కంటే ఎడం పెడితే ఉతికిన కొద్దీ లోపల దూది ఉండలు కడుతుంది.

ప్రశ్న: అక్కా, అంచు పట్టీ అంటేనే భయం. ఎంత గుడ్డ కావాలో తెలీదు, మూలలు గుండ్రంగా వస్తాయి. మూడు బొంతలు దీని దగ్గరే ఆగాయి.

జవాబు: మూడూ ఒకే మెట్టు మీద! పైన చదివావుగా. సరే, ఒక సాయంత్రం కూచుని మూడింటికీ పట్టీలు ఒకేసారి కత్తిరించెయ్, అది సగం భయం పోగొడుతుంది.

లెక్క చాలా తేలిక. నాలుగు వైపుల పొడవులూ కలిపి దానికి 12 అంగుళాలు చేర్చు. 60 బై 72 బొంతకి 264, పన్నెండు చేరిస్తే 276. గుడ్డ పన్నా 42 అంగుళాలనుకుంటే రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఏడు పడతాయి, అతుకుల్లో కొంత పోతుంది కాబట్టి ఏడుతో బొటాబొటీగా సరిపోతుంది, ఎనిమిది కత్తిరిస్తే నిశ్చింత, అంటే 20 అంగుళాల గుడ్డ. అంచులు సూటిగా ఉన్న బొంతకి క్రాస్ పట్టీ (ఏటవాలుగా కత్తిరించినది) అక్కర్లేదు, వంపులుంటేనే క్రాస్. పట్టీకి పట్టీ అతికేటప్పుడు మాత్రం ఏటవాలుగా అతుకు, అడ్డంగా అతికితే మడిచాక ఒకేచోట గుడ్డంతా చేరి గట్టిగా అవుతుంది. అన్నీ కలిపాక నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చెయ్.

కుట్టు మూల దగ్గర మొదలెట్టకు, ఒక పక్క మధ్యలో మొదలెట్టు, ముందు ఓ పదంగుళాల తోక వదులు, చివర్లో కలపడానికి. పట్టీ తెరిచి ఉన్న అంచు బొంత అంచుకి కలిపి పావంగుళం మీద కుట్టుకుంటూ వచ్చి, మూల ఇంకా పావంగుళం ఉందనగా ఆపెయ్. ఆ పావంగుళమే అసలు రహస్యం, చివరిదాకా కుట్టేస్తే మూల గుండ్రమవుతుంది. ముందు వెనక్కి రెండు కుట్లేసి దారం తెంచి, పట్టీని పైకి మడువు, మూల దగ్గర ఏటవాలు గీత కనపడాలి. ఇప్పుడు ఆ ఏటవాలు మడత కదలకుండా వేలితో పట్టుకుని పట్టీని కిందకి దించు, పై మడత బొంత పై అంచుతో సమంగా ఉండాలి. ఆ అంచు నుంచే రెండో వైపు కుట్టు మొదలెట్టు. తర్వాత వెనక్కి తిప్పి చేత్తో కనపడకుండా కుట్టుకో. వెనకవైపు మూల మడిచేటప్పుడు ముందు మడత ఏ పక్కకి పడిందో చూసి దానికి ఎదురు పక్కకి మడువు, రెండూ ఒకే పక్క పడితే మూల గడ్డలా లేస్తుంది.

నా చంటిపిల్లల బొంతకి పట్టీలు నాలుగు సరిపోయాయి, మూలలు మూడు బాగా కుదిరాయి, నాలుగో దగ్గర మాటల్లో పడి చివరిదాకా కుట్టేశా. విప్పుతున్నా.